గది ఉష్ణోగ్రత అంటే ఎంత?

మంచు పడటం మొదలైతే చాలు, ఇంట్లో బేకింగ్ చేసేవాళ్ల మధ్య ఒక చిట్కా తిరుగుతుంది. పిండి పొంగట్లేదా? అవెన్‌ను రెండు నిమిషాలు వేసి ఆపేయండి, గిన్నె లోపల పెట్టండి, గంటలో రెట్టింపవుతుంది. ఈ చలికాలంలోనూ అప్పుడే రెండు మూడు చోట్ల చదివాను. చెప్పేవాళ్లది మంచి ఉద్దేశమే. చాలాసార్లు పిండి పొంగుతుంది కూడా. కానీ వెన్న, గుడ్లు, చక్కెర పడిన తీపి పిండి విషయంలో ఇది చేసే మేలు కన్నా కీడే ఎక్కువ. అంతకన్నా ఇబ్బందిగా అనిపించేది దాని వెనకున్న ఆలోచన: చలి ఒక అడ్డంకి, దాన్ని ఎలాగోలా దాటేయాలి, వేసవిలో ఎంతసేపట్లో అయ్యేదో ఇప్పుడూ అంతసేపట్లోనే అయిపోవాలి అనుకోవడం.

నా మాట దీనికి సరిగ్గా ఎదురు. చలికాలంలో వేడి చూపించాల్సింది గిన్నెకు కాదు, గిన్నెలో పడే పదార్థాలకు. కలిపేటప్పుడే ఆ ఒక్క పని సరిగ్గా జరిగితే ఆ తర్వాత తొందరతో పని లేదు. పైగా నెలల తరబడి ఊరికే దొరికే ఈ చలీ, ఈ పొడిగాలీ కొన్ని తీపి వంటకాలకు గొప్ప వసతి. వేసవిలో ఎంత కష్టపడ్డా అది దొరకదు.

రెసిపీలో లేని అంకె

"వెన్న గది ఉష్ణోగ్రతలో ఉండాలి", "పిండిని గది ఉష్ణోగ్రతలో గంటసేపు ఉంచాలి". ఏ రెసిపీ తీసినా ఈ మాట ఉంటుంది, అంకె మాత్రం ఉండదు. రాసినవాళ్ల మనసులో ఉన్నది దాదాపు 21 నుంచి 24 డిగ్రీలు. (ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.) బయట మంచు పేరుకున్న రోజున హీటింగ్ నడుస్తున్న ఇంట్లో హాలు 20 ఉండొచ్చు. వంటగదికి రెండు వైపులా బయటి గోడలే ఉంటే అక్కడ 17 దాటదు. వంటగట్టు రాయి అంతకన్నా చల్లగా ఉంటుంది. బయటి గోడకు ఆనుకున్న అలమరాలో మైదా డబ్బా ఉంటే ఆ మైదా 14 దగ్గరో 15 దగ్గరో ఉంటుంది. ఇవన్నీ ఒకే ఇంట్లో, ఒకే పూట. ఇందులో గది ఉష్ణోగ్రత ఏది?

ఈ తేడా చిన్నది కాదు. పిండి వేడి 8, 9 డిగ్రీలు తగ్గితే ఈస్ట్ పని వేగం దాదాపు సగానికి పడిపోతుంది. 26 డిగ్రీల దగ్గర గంటన్నరలో పొంగే ముద్ద 17, 18 దగ్గర మూడు గంటలు తీసుకుంటుంది. గంటన్నరకు తొంగి చూసినవాళ్లకు గట్టిగా, దించినట్టే కూర్చున్న ముద్ద కనిపిస్తుంది. అప్పుడు చేసే తప్పులు రెండు. ఒకటి, ఈస్ట్ పాతదని పారేయడం. రెండోది, మర్నాడు రెట్టింపు ఈస్ట్ వేయడం. రెట్టింపు ఈస్ట్ వేస్తే పొంగుతుంది, నిజమే. కానీ కాల్చాక లోపల పుల్లటి ఘాటు వాసన, రెండో రోజుకే పొడిపొడిగా రాలే గుణం మిగులుతాయి. ఈస్ట్ మీద అనుమానం ఉంటే తేల్చుకోవడం సులువు. 38 డిగ్రీల నీళ్లు 100 గ్రాములు, చెంచా చక్కెర, చెంచా ఈస్ట్ కలిపి పది నిమిషాలు వదిలేయాలి. పైన దట్టంగా నురగ కడితే ఈస్ట్ బాగున్నట్టే. లోపం వేడిదే.

కాబట్టి చలికాలంలో బేకింగ్‌కు కొత్త రెసిపీ కన్నా ముందు రెండు వస్తువులు కావాలి: గ్రాముల్లో చూపించే డిజిటల్ తూకం, గుచ్చి చూసే థర్మామీటర్. రెండోది లేకుండా ఈ నాలుగు నెలలూ చేసేదంతా ఊహ మీదే నడుస్తుంది.

గోరువెచ్చన

మన భాషలో గోరువెచ్చన అన్న మాట ఎంత బాగుంటుందో చలికాలం పిండి కలిపేటప్పుడు అంత మోసం చేస్తుంది. పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో చూసేది వేలితో. బయట మంచు ఎత్తిపోసి వచ్చిన చేతివేళ్లు 20 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆ వేలికి 30 డిగ్రీల పాలు హాయిగా వెచ్చగా తగులుతాయి, 42 డిగ్రీల పాలు కాలుతున్నట్టుంటాయి. అదే వేలు వేసవిలో 40 డిగ్రీల పాలను గోరువెచ్చన అంటుంది. అంటే చలికాలంలో మన వేలే పిండిని చల్లబరుస్తోంది. మైదా ఎటూ చల్లగా ఉంది, గిన్నె చల్లగా ఉంది, పాలు కూడా 30 దగ్గరే పోస్తే ముద్ద 22 దాటదు. ఆ తర్వాత దాన్ని అవెన్‌లో పెట్టి కాపాడాలని చూస్తాం.

బేకరీలలో దీనికి ఒక పాత లెక్క ఉంది. కలిపాక ముద్ద ఎన్ని డిగ్రీలు ఉండాలో ముందే అనుకోవాలి. తీపి పిండికి 26 అనుకుందాం. దాన్ని మూడుతో గుణిస్తే 78. అందులోంచి మైదా వేడి, గది వేడి, పిసకడం వల్ల పుట్టే వేడి తీసేయాలి. మైదా 15, గది 17, చేత్తో పిసికితే 3 అనుకుంటే మిగిలేది 43. పాలు 43 డిగ్రీలు ఉండాలన్నమాట. పిండి కలిపే మిక్సర్ హుక్‌తో పిసికితే రాపిడి వేడి చాలా ఎక్కువ, 10 నుంచి 12 దాకా లెక్కేసుకోవచ్చు. అప్పుడు పాలు 35 ఉంటే చాలు. మొదటిసారి ఈ మిక్సర్ అంకె ఊహే. కలిపాక ముద్దలో థర్మామీటర్ గుచ్చి చూసి, 26 కన్నా ఎంత అటూ ఇటూ వచ్చిందో ఒక కాగితం మీద రాసుకుంటే రెండు మూడు సార్లకు మీ మిక్సర్ అంకె మీకు దొరుకుతుంది.

43 డిగ్రీల పాలకు ఈస్ట్ చచ్చిపోదా అని అడుగుతారు. మైదాలో కలిపేసిన ఇన్‌స్టంట్ ఈస్ట్‌కు ఏమీ కాదు. ఈస్ట్ చచ్చేది 55, 60 డిగ్రీల దగ్గర. పైగా పాలు పోసిన మరుక్షణమే చల్లటి మైదా ఆ వేడిని లాగేసుకుంటుంది. అయితే ఈ లెక్కలో గుడ్డు లేదు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన 4 డిగ్రీల గుడ్డు పగలగొట్టి పోస్తే లెక్కంతా పోతుంది. గుడ్లను పెంకుతోనే 40 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు ఉంచితే సరిపోతుంది.

ఇంకో సంగతి. పొంగే పిండి మీద తడిగుడ్డ కప్పమని అందరూ చెప్తారు. మంచుకాలంలో ఇది పనికిరాదు. బయట సున్నాకు 10 డిగ్రీలు కింద ఉన్న గాలి, తేమతో నిండి ఉన్నా సరే, ఘనమీటరుకు రెండు గ్రాములకు కాస్త ఎక్కువ నీటి ఆవిరినే పట్టుకోగలదు. అదే గాలి ఇంట్లోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే 17 గ్రాములు పట్టుకోగల స్థితికి వస్తుంది. అంటే అదనంగా తేమ చేరకపోతే ఇంట్లో తేమ 15 శాతం కూడా ఉండదు. అంత పొడిగాలిలో తడిగుడ్డ ఆరుతూ ఆరుతూ గిన్నెలోని వేడిని లాగేస్తుంది, గంటలో అట్టలా తయారవుతుంది, దాని కింద పిండి మీద పొర కడుతుంది. ఆ పొర మళ్లీ కలవదు, కాల్చాక గట్టి గీతల్లా కనిపిస్తుంది. గుడ్డ వద్దు. బిగుతుగా పట్టే మూత కానీ, గిన్నె నోటికి క్లింగ్ ఫిల్మ్ కానీ వేయాలి. ముద్ద పైన చేతికి పట్టినంత నూనె రాయాలి. ఇదే పొడిగాలి వల్ల మైదా కూడా ఎండిపోయి మామూలు కన్నా కాస్త ఎక్కువ పాలు పీలుస్తుంది. అర కిలో పిండికి 15, 20 గ్రాముల పాలు పక్కన ఉంచుకుని, ముద్ద గట్టిగా అనిపిస్తే చేర్చుకోవచ్చు.

అవెన్‌లో గిన్నె పెడితే ఏమవుతుంది

అవెన్‌ను రెండు నిమిషాలు వేస్తే లోపలి గాలి ఎంత వేడెక్కుతుందో ఎవరూ చెప్పలేరు. కాయిల్ దగ్గర ఒకలా, తలుపు దగ్గర ఒకలా ఉంటుంది. ఆపేశాక కూడా ఆ గోడలు వేడి వదులుతూనే ఉంటాయి. గాలి 30కి దిగినా గిన్నె అడుగున ఇనప కమ్మీ 50 దాకా ఉండొచ్చు. స్టీలు గిన్నె ఆ వేడిని ఇట్టే పట్టి పిండికి ఇస్తుంది.

పిండిముద్ద వేడిని చాలా మెల్లగా లోపలికి పంపుతుంది. కిలో ముద్ద అంచుకు 38 డిగ్రీలు తగులుతున్నప్పుడు నడిబొడ్డు ఇంకా 20లోనే ఉంటుంది. అంచు పొంగి అలిసిపోయే వేళకు నడుమ భాగం అప్పుడే నిద్ర లేస్తుంది. ఈ ముద్దను సగానికి కోస్తే తేడా కంటికే కనిపిస్తుంది. అంచు చుట్టూ పెద్ద పెద్ద గాలి గూళ్లు, జిగురు. నడుమ బిర్రుగా, దగ్గరగా, తెల్లగా. వెన్న సంగతి ఇంకా ఘోరం. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరిగిపోతుంది. పిసికేటప్పుడు పిండిలో సన్నగా పరుచుకున్న వెన్న అంచు దగ్గర కరిగి కిందికి జారుతుంది. గిన్నె తిప్పి చూస్తే అడుగున పచ్చటి మెరుపు. ఆ వెన్న మళ్లీ పిండిలోకి పోదు. ఈ పిండిని చుట్టి కాల్చిన రోల్స్ అడుగు జిడ్డుగా, పైభాగం ఎండినట్టుగా రావడానికి సగం కారణం ఇదే.

దీనికి తోడు ఇంకో ప్రమాదం చాలా ఇళ్లలో జరిగేదే. లోపల గిన్నె ఉన్న సంగతి తెలియని మరొకరు వచ్చి, ఇంకేదో కాల్చుకోవడానికి అవెన్‌ను 200కు పెట్టేస్తారు. పది నిమిషాలకు ప్లాస్టిక్ వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

అయితే ఇక్కడ ఎదురు వాదన ఒకటుంది, దానికి బలమూ ఉంది. వంటగది 12, 13 డిగ్రీల్లో ఉండే ఇళ్లున్నాయి. అక్కడ 26 డిగ్రీల ముద్ద కూడా గంటలో చల్లారిపోతుంది. నిజమే. అలాంటి చోట ముద్దకు కొత్తగా వేడి ఎక్కించక్కర్లేదు, ఉన్న వేడి పోకుండా చూస్తే చాలు. పిండి గిన్నెను ఇంకో పెద్ద పాత్రలో పెట్టి చుట్టూ మందపాటి తువ్వాలు కుక్కడం మొదటి మార్గం. ఆపేసి ఉన్న మైక్రోవేవ్‌లో గిన్నె పక్కన మరిగిన నీళ్ల కప్పు పెట్టి తలుపు మూయడం రెండోది. ఆ చిన్న గది 27, 28 దగ్గర నిలుస్తుంది, నీటి ఆవిరి వల్ల పొర కూడా కట్టదు. ముప్పావు గంటకోసారి నీళ్లు మార్చాలి. గదిని వెచ్చబరిచే రేడియేటర్ మీద మాత్రం గిన్నె పెట్టకూడదు. అడుగు కాలడం తప్ప ప్రయోజనం లేదు.

రాత్రంతా ఫ్రిజ్‌లో

ఇక చలి అడ్డంకి కాదని చెప్పేందుకు దాల్చినచెక్క రోల్స్ కన్నా మంచి ఉదాహరణ లేదు. 12 రోల్స్‌కు కొలత ఇది. మైదా 500 గ్రాములు, పాలు 250, చక్కెర 75, ఇన్‌స్టంట్ ఈస్ట్ 7, ఉప్పు 8, ఒక గుడ్డు, మెత్తటి వెన్న 75. వెన్న తప్ప మిగతావన్నీ కలిపి ఐదు నిమిషాలు పిసికాక వెన్నను మూడు దఫాలుగా చేర్చి, ముద్ద నున్నగా సాగేదాకా మరో ఎనిమిది, పది నిమిషాలు పిసకాలి. వెన్న ముందే వేస్తే అది పిండి రేణువులకు పట్టి జిగురు సాగడం ఆలస్యమవుతుంది.

ముద్ద 26 దగ్గర ఉంటే గంట, గంటన్నరలో దాదాపు రెట్టింపవుతుంది. ఒత్తే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెడితే వెన్న బిగుసుకుని, పిండి కర్రకు అంటకుండా మూలలు తీరిన దీర్ఘచతురస్రంలా సాగుతుంది. 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, ఏడు మిల్లీమీటర్ల మందం ఉండాలి. లోపలికి మెత్తటి వెన్న 90 గ్రాములు, బ్రౌన్ షుగర్ 130, దాల్చినచెక్క పొడి 12, మైదా 10, చిటికెడు ఉప్పు కలిపి ముద్దలా చేసి రాయాలి. కరిగించిన వెన్న వద్దు, చుట్టేటప్పుడే కారిపోతుంది. ఆ పది గ్రాముల మైదా, కరిగిన చక్కెర పాకం కిందికి దిగిపోకుండా పట్టుకుంటుంది. దాల్చినచెక్క పొడిని పిండిలోనే కలిపేస్తే సువాసన ఎక్కువొస్తుందని కొందరు అలా చేస్తారు. కానీ దాల్చినచెక్కలోని నూనె ఈస్ట్‌ను అణిచేస్తుంది. అసలే చలికాలం. అది లోపలి పూతలోనే ఉండాలి.

పొడుగు వైపు నుంచి చుట్టి, దారంతో 12 ముక్కలు కోయాలి. కత్తి అయితే చుట్టను నొక్కేస్తుంది. దారాన్ని కిందినుంచి పోనిచ్చి పైన కొసలు మార్చి లాగితే పొరలు చెదరవు. 33 బై 23 సెంటీమీటర్ల పళ్లెంలో, ముక్కకూ ముక్కకూ మధ్య ఒక వేలి సందు వదిలి పేర్చి, ఇరవై నిమిషాలు బయట ఉంచాక బిగుతుగా మూసి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎనిమిది గంటల నుంచి పద్నాలుగు గంటల దాకా ఉండొచ్చు.

ఈ రాత్రిలో జరిగేదే అసలు విషయం. 4 డిగ్రీల దగ్గర ఈస్ట్ దాదాపు ఆగిపోతుంది. పిండిలోని ఎంజైములు మాత్రం ఆగవు, మెల్లగా పిండిపదార్థాన్ని చిన్న చక్కెరలుగా విడగొడుతూనే ఉంటాయి. మైదా కూడా పాలను పూర్తిగా పీల్చుకుంటుంది. పొద్దున కాల్చినప్పుడు పైభాగం ముదురు గోధుమ రంగు తేలడానికీ, రుచిలో లోతు రావడానికీ ఇదే కారణం. అవెన్‌లో గంటలో ఉబ్బించిన పిండికి ఇది ఎలా వస్తుంది?

పొద్దున ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఫ్రిజ్‌లోంచి తీసిన పళ్లెం నేరుగా వేడి అవెన్‌లోకి వెళ్తుంది. పైన రంగు వచ్చేస్తుంది, నడుమ రెండు రోల్స్ పచ్చిగా, ముద్దగా ఉండిపోతాయి. 17 డిగ్రీల వంటగదిలో చల్లటి పళ్లెం తేరుకోవడానికి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. వేలికి మైదా అద్దుకుని రోల్ పక్కన నొక్కి చూడాలి. గుంట వెంటనే పైకి లేస్తే ఇంకా ఆగాలి, మెల్లగా సగం దాకా నిండితే సిద్ధం. 180 డిగ్రీల్లో 24 నుంచి 28 నిమిషాలు. నడిమి రోల్‌లో థర్మామీటర్ 88 చూపిస్తే దించేయొచ్చు. గాజు పళ్లెమో పింగాణీదో అయితే మాత్రం చల్లగా ఉన్నప్పుడు వేడి అవెన్‌లో పెట్టకూడదు, పగిలిపోవచ్చు. చలికాలానికి లోహపు పళ్లెమే నయం.

వెన్న మొండికేసినప్పుడు

కేకుల్లో ఇదే సమస్య ఇంకో వేషంలో వస్తుంది. వెన్న, చక్కెర కలిపి గిలకొట్టేటప్పుడు చక్కెర పలుకులు వెన్నను చీలుస్తూ పోతే ఆ చీలికల్లో గాలి చిక్కుకుంటుంది. కేకు పొంగేది ఆ గాలి గూళ్ల చుట్టూనే. బేకింగ్ పౌడర్ కొత్త గూళ్లు పుట్టించదు, ఉన్నవాటిని పెద్దవి చేస్తుంది. వెన్న 18, 19 డిగ్రీల దగ్గర ఉంటేనే ఇది కుదురుతుంది. బొటనవేలితో నొక్కి చూస్తే గుంట పడాలి, అంచులు పగలకూడదు, గుంట లోపల మెరుపు ఉండకూడదు. అంచు పగిలితే ఇంకా చల్లగా ఉంది. మెరిస్తే కరగడం మొదలైంది.

15 డిగ్రీల వెన్నను మైక్రోవేవ్‌లో పెట్టడం అలవాటు. బయట బిగుతుగా, లోపల నూనెగా వస్తుంది. కరిగిన భాగాన్ని మళ్లీ ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా పాత స్వభావం తిరిగి రాదు, దాని స్ఫటికాలు మారిపోయాయి. గాలిని పట్టుకోదు. సెంటీమీటర్ ముక్కలుగా కోసి పళ్లెంలో పరిస్తే చల్లటి వంటగదిలో కూడా అరగంట, ముప్పావు గంటలో దారికొస్తుంది. తొందరైతే గిలకొట్టే గిన్నెనే వేడినీళ్లతో కడిగి తుడిచి వాడొచ్చు. గుడ్లు చల్లగా ఉంటే ఎంత బాగా గిలకొట్టిన వెన్నయినా విరిగిపోయిన పాలలా ముక్కలవుతుంది. అప్పుడు గిన్నె అడుగుకు వేడినీళ్లలో ముంచిన గుడ్డ అర నిమిషం ఆనించి గిలకొడితే చాలాసార్లు కలిసిపోతుంది.

పొడిగాలి ఇచ్చే వరం

చక్కెర తేమను పీల్చుకుంటుంది. వానల రోజుల్లో కారమెల్ జిగటగా మారడానికీ, గుడ్డు తెల్లసొనతో చేసే మెరాంగ్ మెత్తబడడానికీ అదే కారణం. పిండిని ఎండబెట్టి విసిగించే ఆ 15 శాతం తేమే వీటికి బంగారు కాలం. మూడు గుడ్ల తెల్లసొన 100 గ్రాములకు చక్కెర 200 గ్రాములు కలిపి గిలకొట్టి, 95 డిగ్రీల అవెన్‌లో గంటన్నర, రెండు గంటలు ఆరబెట్టి, అందులోనే చల్లారనిస్తే మూత బిగుతైన డబ్బాలో వారాల పాటు కరకరలాడుతూ ఉంటుంది.

మెత్తటి కారమెల్ ముక్కలకు చక్కెర 200 గ్రాములు, గ్లూకోజ్ సిరప్ 80, చిక్కటి క్రీమ్ 240, వెన్న 60, ఉప్పు 4. చక్కెర, సిరప్ కలిపి తేనె రంగు ముదిరేదాకా కాచి, వేడి చేసిన క్రీమ్‌ను కొద్దికొద్దిగా పోయాలి. చల్లటి క్రీమ్ పోస్తే పైకి ఎగజిమ్ముతుంది, పాకం అడుగున గడ్డకడుతుంది. అన్నిటికీ ముందే లోతైన పాత్ర ఎంచుకోవడం మేలు. తర్వాత వెన్న వేసి 118 డిగ్రీల దాకా కాచాలి. 116 దగ్గర దించితే చెంచాతో తినాల్సి వస్తుంది, 123 దాటితే పళ్లకు పని. థర్మామీటర్‌ను ముందు మరిగే నీళ్లలో పెట్టి చూసుకోవాలి. ఎత్తైన ఊళ్లలో ప్రతి 300 మీటర్లకు నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ తగ్గుతుంది. మీ దగ్గర 97 దగ్గరే మరిగితే పాకాన్నీ 115కే దించాలి.

అంకె మీద నమ్మకం లేకపోతే పాత పరీక్ష ఉండనే ఉంది. గిన్నెలో చన్నీళ్లు, అందులో ఒక చుక్క పాకం. 112 దగ్గర చుక్క వేళ్ల మధ్య మెత్తగా ఉండ కట్టి, బయటికి తీయగానే జారిపోతుంది. 118 దగ్గర ఉండ నిలబడుతుంది, నొక్కితే మెల్లగా లొంగుతుంది. మనం ఉండపాకం అంటున్నది దీన్నే. థర్మామీటర్, వేలు రెండూ ఒకే మాట చెప్పినప్పుడు దించితే గురి తప్పదు. అయితే కుళాయి నీళ్లు ఈ కాలంలో 5 డిగ్రీల్లో వస్తుంటాయి. అంత చల్లటి నీళ్లలో లేతపాకం కూడా గట్టిగా తగులుతుంది. పరీక్షకు 15, 16 డిగ్రీల నీళ్లు తీసుకోవాలి.

తీపి తగ్గించమంటే

నెలల తరబడి ఇల్లు కదలకుండా తీపి చేసుకు తినమని రాయడం సబబేనా అన్న సందేహం ఈ వ్యాసం మొదలుపెట్టినప్పటినుంచీ ఉంది. పగలు కుదించుకుపోయే రోజుల్లో తీపి మీదికి, పిండి పదార్థాల మీదికి మనసు లాగడం ఊహ కాదు. 1984లో మానసిక వైద్యుడు నార్మన్ రోసెంథాల్ బృందం చలికాలపు దిగులును మొదటిసారి వైద్యభాషలో వివరించినప్పుడు ఈ కోరికను కూడా లక్షణాల్లో చేర్చింది. అలాంటి దిగులుకు రోల్స్ మందు అని నేననను. వెలుతురు, వైద్యుడి సలహా వేరు, వంట వేరు.

కానీ "అన్నిట్లో చక్కెర సగం చేసేయండి" అన్న సలహాతో కూడా ఏకీభవించలేను. చక్కెర తీపి కోసమే కాదు, నిర్మాణం కోసం కూడా. గిలకొట్టి చేసే కేకులో ఐదో వంతు తగ్గిస్తే పెద్దగా తెలియదు. రోల్స్ పిండిలో 75 గ్రాములను 50 చేస్తే ఈస్ట్ ఇంకా చురుగ్గా పనిచేస్తుంది కూడా. కుకీల్లో సగం చేస్తే అవి పరుచుకోవు, పాలిపోయి పొడిపొడిగా వస్తాయి. మెరాంగ్‌లో అసలు తగ్గించకూడదు. నాకు సరైనదనిపించే దారి వేరే ఉంది. కుకీ పిండిని ఐదు సెంటీమీటర్ల లావు కడ్డీలుగా చుట్టి, ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఊరనిచ్చి, ఆ తర్వాత డీప్ ఫ్రీజర్‌లో దాచుకోవాలి. కావాల్సినప్పుడు నాలుగు బిళ్లలు మాత్రమే కోసి కాల్చాలి. ఊరిన పిండి ముదురు రంగు తేలుతుంది, చల్లటి వెన్న వల్ల బిళ్ల అంచులు కారిపోకుండా నిలుస్తాయి. నలభై కుకీల డబ్బా ఎదురుగా ఉండటానికీ, నాలుగు వేడి కుకీలకూ తినే తీరులో చాలా తేడా ఉంది.

అవెన్ ఖర్చు గురించి కూడా ఒక మాట. కరెంటు అవెన్ తీసుకున్న శక్తంతా చివరికి ఆ ఇంట్లోనే వేడిగా మిగులుతుంది. చలికాలంలో అది వృథా పోదు. గ్యాస్ అవెన్ తలుపు తెరిచి ఇల్లు వెచ్చబెట్టుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

బాల్కనీ ఫ్రిజ్ కాదు

చలిని వాడుకోమన్నానని పిండి పళ్లెం తీసుకెళ్లి బాల్కనీలో పెట్టకండి. ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. బయట రాత్రి సున్నాకు 12 కింద, మధ్యాహ్నం ఎండ తగిలిన మూలలో 8 పైన ఉండొచ్చు. గడ్డకట్టిన పిండిలో ఈస్ట్ కొంత చచ్చిపోతుంది, కరిగాక అంచులు నీళ్లు వదులుతాయి. కారమెల్ పళ్లెం ఆరడానికో, కాచిన క్రీమ్ త్వరగా చల్లారడానికో మూత పెట్టి పది నిమిషాలు బయట ఉంచడం వేరు. చాక్లెట్‌ను మాత్రం అలా కూడా పెట్టకూడదు. లోపలికి తెచ్చాక దాని మీద చెమ్మ కడుతుంది. ఆ చెమ్మలో చక్కెర కరిగి, ఆరాక తెల్లటి గరుకు పొరగా మిగులుతుంది.

కాల్చిన రోల్స్‌ను కూడా చల్లటి చోట దాచాలనిపిస్తుంది, కిటికీ గట్టు ఖాళీగానే ఉంటుంది కదా. అక్కడే త్వరగా పాడవుతాయి. రొట్టెలోని పిండిపదార్థం మళ్లీ గట్టిపడే పని అన్నిటికన్నా వేగంగా జరిగేది సున్నాకు కాస్త పైన, ఫ్రిజ్ వేడి దగ్గరే. రెండు రోజుల్లో తినేవి గదిలోనే డబ్బాలో ఉంచాలి. మిగిలినవి చల్లారిన రోజే ఒక్కోటి విడిగా చుట్టి సున్నాకు 18 కింద డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. గట్టిపడినవాటిని తిరిగి మెత్తబరచొచ్చు. చెంచాడు నీళ్లు చిలకరించి, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, 150 డిగ్రీల్లో పది నిమిషాలు ఉంచాలి. నడుమ 60 దాటితే గట్టిపడ్డ పిండిపదార్థం మళ్లీ సడలుతుంది. ఎన్ని తింటారో అన్నే వేడి చేయండి. రెండోసారి చల్లారితే ముందుకన్నా త్వరగా బిగుసుకుంటాయి.